బయానా ఇచ్చాక ఇల్లు అమ్మే మనిషి చనిపోతే: కొనేవాళ్లు చేయాల్సిన పనులు

నల్లగొండ రామగిరి దగ్గర ఒక ఇల్లు 40 లక్షలకు బేరం కుదిరిందనుకుందాం. 10 లక్షలు బయానా ఇచ్చారు, అగ్రిమెంట్ రాసుకున్నారు. మిగతా 30 లక్షలు మూడు నెలల్లో కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. రెండో నెలలోనే ఇల్లు అమ్మే పెద్దాయన గుండెపోటుతో పోయారు.

ఇక ఊళ్లో తలా ఒక మాట చెప్తారు. "మనిషే లేడు, ఇంక అగ్రిమెంట్ ఎక్కడిది" అంటారు కొందరు. "బయానా మీద ఆశ వదులుకో" అంటారు ఇంకొందరు. "పెద్దకొడుకుతోని సంతకం పెట్టిచ్చుకో, అయిపోతది" అనేవాళ్లూ ఉంటారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. మూడోది మరీ ప్రమాదం, ఎందుకంటే వినడానికి అది తేలికైన దారిలా అనిపిస్తుంది.

భారత ఒప్పందాల చట్టం (1872) 37వ సెక్షన్ ప్రకారం, మాట ఇచ్చిన మనిషి ఆ మాట నెరవేర్చకుండా చనిపోతే ఆయన వారసులు దానికి కట్టుబడాలి. ఒప్పందంలోనే వేరే విధంగా రాసుకుంటే తప్ప ఇదే లెక్క. వారసులు తమ సొంత ఆస్తి నుంచి ఇవ్వనక్కర్లేదు, చనిపోయినాయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే వాళ్ల బాధ్యత. ఇల్లు ఆ ఆస్తిలోదే కాబట్టి, ఇంటితో పాటు మీ అగ్రిమెంట్ కూడా వాళ్ల చేతికి వచ్చినట్టే. కొనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. "అమ్మినాయన పోయిండు కాబట్టి నేను కొనను, నా పైసలు నాకియ్యండి" అనడానికి ఆ చావు ఒక్కటే కారణం కాదు.

మీ వ్యవహారం ఎక్కడ ఆగిందో చూసుకోండి

సేల్ డీడ్ రిజిస్టర్ అయిపోయాక అమ్మినాయన చనిపోతే టెన్షన్ అక్కర్లేదు. ఇల్లు మీదే. ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదికి మార్చుకుంటే సరి.

సేల్ డీడ్ మీద సంతకాలు అయ్యాయి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయేలోపే ఆయన పోయారు అనుకోండి. ఇది అరుదే కానీ, ఈ దశలో ఉన్నవాళ్లకు ఒక మంచి దారి ఉంది, చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ చట్టం (1908) ప్రకారం సంతకం చేసిన రోజు నుంచి 4 నెలల్లోపు పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. సంతకం చేసిన మనిషి బతికి లేకపోతే ఆయన వారసులు ఆఫీసుకు వచ్చి "ఈ సంతకం ఆయనదే" అని ఒప్పుకుంటే 35వ సెక్షన్ కింద రిజిస్టర్ చేస్తారు. మళ్లీ కొత్త డీడ్ రాయనక్కర్లేదు. పైగా రిజిస్టర్ అయ్యాక ఆ పత్రం సంతకం చేసిన నాటి నుంచే చెల్లుతుంది. వారసులు సంతకం ఆయనది కాదని అంటే మాత్రం సబ్ రిజిస్ట్రార్ తిరస్కరిస్తారు. ఆ తిరస్కరణ తర్వాత 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టుకుంటే ఆయన విచారణ జరుపుతారు. 4 నెలలు దాటిపోయినా, తప్పని కారణం ఉంటే జరిమానాతో ఇంకో 4 నెలల దాకా అవకాశం ఉంటుంది. అందుకే ఈ దశలో ఉన్నవాళ్లు క్యాలెండర్ మీద తేదీలు రాసి పెట్టుకోవాలి.

ఎక్కువమంది ఉండేది మూడో దశలో, అంటే చేతిలో అగ్రిమెంట్ మాత్రమే ఉంటుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా వాళ్ల కోసం.

ముందుగా ఆపాల్సినవి

చావు జరిగిన ఇంటికి కాగితాలు పట్టుకొని పోకండి. దినాలు అయ్యేదాకా ఇంటి మాట ఎత్తకపోవడం మర్యాద, మీకు మంచిది కూడా. దుఃఖంలో ఉన్నవాళ్లను తొందరపెడితే, సులువుగా సంతకం పెట్టేవాళ్లు కూడా మొండికేస్తారు. ఆ లోపు మీరు మీ వైపు పని చక్కబెట్టుకోవచ్చు.

మిగతా డబ్బులో ఒక్క రూపాయి కూడా ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. "నాయిన దినాలకు ఖర్చుంది, ఒక రెండు లక్షలు సర్దండి, లెక్కల పట్టుకుందం" అని కొడుకు అడుగుతాడు. కాదనడం కష్టమే. ఇవ్వక తప్పదనిపిస్తే చేబదులుగా, విడి రసీదుతో ఇవ్వండి. ఇంటి ధరలో జమ అనుకొని ఇస్తే మిగతా వారసులు రేపు "మాకు తెల్వదు" అంటారు. చనిపోయినాయన బ్యాంకు ఖాతాకు కూడా పంపకండి.

జీపీఏ (ఒకరి తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) విషయం మరీ జాగ్రత్త. "నాయిన నాకు జీపీఏ ఇచ్చిండు, నేనే రిజిస్ట్రేషన్ చేసిస్త" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇచ్చిన మనిషి చనిపోగానే మామూలు జీపీఏ చెల్లకుండా పోతుంది. చావు సంగతి దాచిపెట్టి దాంతో రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఆ ఇంటికి ఎప్పటికీ లిటిగేషన్ అంటుకున్నట్టే. మీ పేరు మీదే అగ్రిమెంట్ కమ్ జీపీఏ రిజిస్టర్ అయి ఉండి, డబ్బంతా కట్టేసి ఉంటే సంగతి వేరు. హక్కుతో ముడిపడిన జీపీఏకు ఒప్పందాల చట్టం 202వ సెక్షన్ రక్షణ ఉంది. అప్పుడు కూడా వకీలుకు కాగితాలు చూపించకుండా అడుగు వేయకండి. జీపీఏతోనే ఇంటి మీద యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మీ కాగితాలు

అగ్రిమెంట్ ఒరిజినల్, బయానా రసీదు, బ్యాంకు ద్వారా పంపిన డబ్బుకు స్టేట్‌మెంట్, సాక్షుల చిరునామాలు, ఇంటి లింకు డాక్యుమెంట్ల (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాల) కాపీలు ఒక ఫైల్లో పెట్టండి. ఆ ఇంటిపై తాజా ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించండి. చావు తర్వాతి రోజుల్లో ఎవరైనా వేరే రిజిస్ట్రేషన్ చేశారేమో దాంట్లో తెలుస్తుంది.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాలేదని దిగులు పడేవాళ్లు ఎక్కువ. మన పల్లెల్లో, పట్టణాల్లో ఇంకా చాలా బేరాలు నోటరీతోనో, వట్టి స్టాంపు పేపరుతోనో నడుస్తున్నాయి. అలాంటి అగ్రిమెంట్ పనికిరాదని కాదు. రిజిస్టర్ కాని ఒప్పందాన్ని, దాన్ని అమలు చేయించమని వేసే దావాలో సాక్ష్యంగా కోర్టు తీసుకోవచ్చు. కాకపోతే తక్కువైన స్టాంపు సుంకం, దానిపై జరిమానా కట్టాల్సి వస్తుంది. రిజిస్టర్ అయిన అగ్రిమెంట్‌కు ఉండే బలం దానికి రాదు, ముఖ్యంగా మీరు ఇప్పటికే ఆ ఇంట్లో ఉంటున్నట్టయితే.

అగ్రిమెంట్‌లో గడువు తేదీ చూడండి. తేదీ ఉంటే అప్పటి నుంచి 3 ఏళ్లలోపు, లేకపోతే వారసులు "చేయం" అన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లలోపు కోర్టుకు పోవాలి. "ఇప్పుడే పోయిండు, సంవత్సరీకం అయినంక మాట్లాడుకుందం" అన్న మాట మంచిదే, కానీ ఆ ఏడాది కూడా ఈ మూడేళ్లలో లెక్కే. ఆగాలనుకుంటే గడువు పెంచుతున్నట్టు వారసులందరితో ఒక కాగితం రాయించుకోండి.

వారసులు ఎవరెవరు?

అసలు పని ఇక్కడే ఉంది. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా సరికాదు.

మన ఉదాహరణలో పెద్దాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, మిర్యాలగూడలో ఇచ్చిన ఒక బిడ్డ ఉన్నారు. ఎనభై ఏళ్ల తల్లి కూడా ఉంది, నార్కట్‌పల్లిలో చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. ఇల్లు ఆయన సొంత సంపాదనతో కట్టింది, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం (1956) ప్రకారం తల్లి, భార్య, కొడుకులు, బిడ్డ అందరిదీ సమాన వాటా. ఐదుగురు, ఐదు వాటాలు. మిగిలిన 30 లక్షల్లో ఒక్కొక్కరికి 6 లక్షలు. ఐదు సంతకాలూ కావాలి.

తల్లిని ఎక్కువమంది మర్చిపోతారు. చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లికి భార్యాపిల్లలతో సమానంగా వాటా ఉంటుందని ఇంట్లోవాళ్లకే తెలియదు. అంతకుముందే చనిపోయిన కొడుకో బిడ్డో ఉంటే వాళ్ల పిల్లలు, ఆ కొడుకు భార్య కూడా లెక్కలోకి వస్తారు.

ఇక ఆడబిడ్డ. "దానికి పెండ్లి చేసినం, కట్నమిచ్చినం, దాని సంతకమెందుకు" అనే మాట పాలమూరులోనూ నల్లగొండలోనూ ఇప్పటికీ వినిపిస్తుంది. కట్నం వాటా కాదు. తండ్రి స్వార్జితంలో బిడ్డకు 1956 నుంచే హక్కు ఉంది. పిత్రార్జితంలో కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సవరణ చెప్పింది, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. కాబట్టి కొనేవాళ్లు ఆమెను అడ్డంకిలా చూడకండి. ఆమె కూడా అమ్మకందారే. ఆమెతో నేరుగా, గౌరవంగా మాట్లాడండి, ఆమె వాటా డబ్బు ఆమె ఖాతాకే వెళ్లేలా చూడండి. అన్నదమ్ములు చెల్లెలికి తెలియకుండా పని కానిద్దామంటే మీరు ఒప్పుకోవద్దు. అది ఆమెకు అన్యాయం, మీ ఇంటికి ఎసరు.

ఇల్లు తాతల నాటిదైతే ఇంకో చిక్కు. పెద్దాయన ఒక్కరే అగ్రిమెంట్ రాసిచ్చి ఉంటే, కుటుంబ అవసరానికే అమ్మారని చూపించగలిగితే తప్ప పిల్లల వాటాలకు అది కట్టుబడదని వాదన వస్తుంది. అలాంటి ఇంటికి ఆయన బతికున్నప్పుడే అందరి సంతకాలు తీసుకోవాల్సింది. ఇప్పుడు మాట్లాడి ఒప్పించుకోవడమే మార్గం.

అమ్మే మనిషి ఆడవారైతే మొదటి వరుస వారసులు కొడుకులు, బిడ్డలు, భర్త. ముస్లిం కుటుంబమైతే లెక్క వేరు. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు. క్రైస్తవుల్లో భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. వాటాలు ఎలా ఉన్నా సంతకాలు మాత్రం అందరివీ కావాలి.

వీలునామా ఉంటే ఇల్లు ఎవరికి రాశారో వాళ్లు రిజిస్ట్రేషన్ చేయాలి. మన దగ్గర వీలునామాకు ప్రొబేట్ (అది నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు. అయినా మిగతా వారసులతో కూడా సమ్మతి సంతకాలు పెట్టించుకోవడం మంచిదని నా గట్టి నమ్మకం. వీలునామా మీద తగాదా ఎప్పుడైనా లేవవచ్చు.

సర్టిఫికెట్లు

ముందు మరణ ధ్రువపత్రం. పట్టణంలో మున్సిపాలిటీ, పల్లెలో గ్రామపంచాయతీ. చావును 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే తేలిక. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాల్సి వస్తుంది.

తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలో దరఖాస్తు చేస్తే విచారణ జరిగాక తహసీల్దార్ ఇస్తారు. దరఖాస్తు చేయాల్సింది వారసులే, మీరు కాదు. మీరు ఖర్చు భరించి తోడు వెళ్లవచ్చు. ఆ సర్టిఫికెట్‌లో పేర్లు ఉన్నంత మాత్రాన హక్కులు తేలిపోయినట్టు కాదు. దాంట్లో తల్లి పేరో బిడ్డ పేరో లేకపోతే ఇద్దరు ముగ్గురు బంధువులను, ఇరుగుపొరుగును అడిగి మీరే సరిచూసుకోండి.

సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా అంటే తొందరపడకండి. కోర్టు ఇచ్చే ఆ సర్టిఫికెట్ బ్యాంకు డబ్బు, బాకీలు, షేర్ల వంటి వాటి కోసం. ఇంటికి కాదు. దాని కోసం నెలల తరబడి తిరిగి, తీరా అది అక్కర్లేదని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

వారసులతో ఒక రాతకోత

దినాలు అయ్యాక అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. పెద్దమనుషులు ఉంటే మంచిదే, కానీ వాళ్ల మాట సంతకానికి బదులు కాదు. పాత అగ్రిమెంట్ తేదీ, ధర, ముట్టిన బయానా, మిగిలిన డబ్బు, కొత్త గడువు, ఎవరి వాటా ఎంత అన్నవన్నీ రాసి, దాన్ని పాత అగ్రిమెంట్‌కు అనుబంధ ఒప్పందంగా చేసుకోండి. వారసులందరూ సంతకం పెట్టాలి. వీలైతే దాన్ని రిజిస్టర్ చేయించండి.

ధర దగ్గర పేచీ మొదలవుతుంది. చౌటుప్పల్ వైపు రీజినల్ రింగ్ రోడ్డు మాట వచ్చాక, హైవేల పక్కన వెంచర్లు లేచాక "నాయిన తక్కువకు ఒప్పుకున్నడు, ఇప్పుడు రేటు పెరిగింది" అనడం మామూలైపోయింది. పాత ధరకు వాళ్లు కట్టుబడి ఉండాల్సిందే. అయినా అర లక్షో లక్షో ఎక్కువిస్తే పని ఈ నెలలోనే అయిపోతుందంటే, కోర్టులో పోయే ఏళ్లతో పోల్చి చూసుకొని నిర్ణయం తీసుకోండి. అది ఓడిపోవడం కాదు.

వారసుల్లో మైనర్ ఉంటే పని నెమ్మదిస్తుంది. తల్లి తన సంతకంతో పిల్లల వాటా అమ్మడానికి వీల్లేదు, జిల్లా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా కొంటే ఆ పిల్లవాడు 18 నిండాక 3 ఏళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు. ధర సరైనదేనని, డబ్బు పిల్లవాడి పేరున డిపాజిట్ చేస్తామని చూపిస్తూ తల్లి కోర్టులో పిటిషన్ వేయాలి.

ఒక కొడుకు ముంబయిలోనో పుణెలోనో పనికి పోయి ఉంటే, రిజిస్ట్రేషన్ రోజు రమ్మని ముందే చెప్పండి. రాలేకపోతే ఉన్నచోట సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేసిన జీపీఏ పంపవచ్చు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన జీపీఏ కావాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. ప్రవాసుల వాటాకు టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) రేటు వేరుగా ఉంటుంది, ఆడిటర్‌ను అడగండి.

ఇంటి మీద చనిపోయినాయన బ్యాంకు అప్పు ఉంటే మీరిచ్చే డబ్బులోంచి ముందు అది తీర్చాలి. చెక్కు బ్యాంకు పేరు మీదే ఇవ్వండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి ఉంది. అప్పు తీసుకున్నవారు చనిపోతే వారసులకు పత్రాలు ఎలా ఇస్తారో కూడా బ్యాంకు ముందే ప్రకటించి ఉంచాలి. మీరు కూడా హోమ్ లోన్‌తో కొంటుంటే అమ్మకందారులు మారిన సంగతి మీ బ్యాంకుకు వెంటనే చెప్పండి, కొత్త లీగల్ ఒపీనియన్ అడుగుతారు.

గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన పాత స్థలంలో) ఉన్న ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు ఉండకపోవచ్చు. పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, ఇంటి నంబరు ధ్రువపత్రం ముఖ్యమవుతాయి. ముందు వారసుల పేర్లు పంచాయతీ రికార్డులో ఎక్కించుకొని, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌కు పోవడం మేలు. మీరు కొనేది ఇల్లు కాక వ్యవసాయ భూమి అయితే దారే వేరు. ముందు భూభారతిలో (రాష్ట్ర భూమి రికార్డుల్లో) వారసుల పేరున విరాసత్, అంటే వారసత్వ మార్పిడి, కావాలి, రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర.

రిజిస్ట్రేషన్ రోజు

సేల్ డీడ్‌లో కథంతా రాయించండి. ఫలానా తేదీన అగ్రిమెంట్, అప్పుడు ముట్టిన బయానా, ఫలానా తేదీన మరణం, ఫలానావాళ్లే వారసులు, వేరే వారసులు ఎవరూ లేరు, ఉంటే వాళ్ల హక్కుకు మేమే బాధ్యులం, ఆ ఒప్పందం ప్రకారమే ఈ అమ్మకం. డాక్యుమెంట్ రైటర్ పాత నమూనాలో పేర్లు మార్చి ఇస్తే తీసుకోకండి, చదివించుకోండి.

తెలంగాణలో 2021 జూలై నుంచి ఇళ్లకు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి, ప్రతి వారసుడి పాన్ మీద విడివిడిగా. డబ్బు ఎవరి వాటా వారి ఖాతాకు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం పన్ను చట్టానికి విరుద్ధం. అందరికీ నచ్చజెప్పి డబ్బంతా ఒక్కరి ఖాతాలో వేయమంటే, మిగతావాళ్లతో ఆ మేరకు రాయించుకోండి.

వారసులు ఒప్పుకోకపోతే

ఒక్కరైనా మొండికేస్తే మొదట వకీలు నోటీసు, వారసులందరికీ విడివిడిగా, అందినట్టు రుజువు ఉండేలా. "మిగతా డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా తేదీన రిజిస్ట్రేషన్‌కు రండి" అని అందులో ఉండాలి. ఆ డబ్బు నిజంగానే మీ దగ్గర ఉండాలి, బ్యాంకులోనో లోన్ మంజూరు పత్రంలోనో కనిపించాలి. కోర్టు మొదట చూసేది, మీరు మొదటి నుంచీ కొనడానికి సిద్ధంగా ఉన్నారా అని. చాలా దావాలు ఇక్కడే వీగిపోతాయి.

దావాకు ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో ఉన్న న్యాయసేవాధికార సంస్థను కలవండి. దావా వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, ఖర్చు ఉండదు, ఆ తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అన్నదమ్ముల మధ్య పంపకాల కోపమే అసలు కారణమైనప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

రాజీ కాకపోతే ఒప్పందం అమలు దావా. నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత, షరతులు సరిపోతే ఒప్పందం అమలు చేయించడమే కోర్టుకు మామూలు దారి. దావాలో బయానా వాపసును కూడా ప్రత్యామ్నాయంగా తప్పక అడగండి, అడగకపోతే కోర్టు దానంతటది ఇవ్వదు. కట్టిన డబ్బు మేరకు ఆ ఇంటి మీద మీకు హక్కు ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. గెలిచాక కూడా వాళ్లు సంతకం పెట్టకపోతే కోర్టే వాళ్ల తరఫున డీడ్ రాసిస్తుంది. దావా నడుస్తుండగా ఒక వారసుడు చనిపోతే 90 రోజుల్లోపు అతని వారసులను కేసులో చేర్పించాలి. వకీలుకు ఆ కబురు చెప్పాల్సింది మీరే.

రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ ఒకసారి ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. ఇంటి పన్ను, నల్లా కనెక్షన్ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో, కరెంటు మీటరు దక్షిణ డిస్కంలో మార్పించుకోండి. పాత అగ్రిమెంట్, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కాపీలను సేల్ డీడ్‌తో కలిపి దాచండి. ఈ ఇంటిని రేపు మీరు అమ్మినా, మీ పిల్లలు అమ్మినా, కొనేవాళ్ల వకీలు వాటినే అడుగుతారు.